రాయి అడిగే చదువు

(ప్రింట్‌మేకర్, శిల్పి కృష్ణారెడ్డి స్మృతికి బేతంచెర్లలో చేసిన ఉపన్యాసం పాఠం)



కృష్ణారెడ్డి గారికి రాయలసీమలోని ఈ రాతి క్వారీల ఊరు బేతంచెర్లతో చుట్టరికం ఏమీ లేదు. ఆయన 1925 జూలై 15న చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. 2018 ఆగస్టు 22న న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన పేరు మీద సభ పెట్టాలంటే చిత్తూరు ఉంది, ఆయన చదువుకున్న శాంతినికేతన్ ఉంది. అయినా ఈ ఊళ్లో పెట్టడమే సరైన పని అని నా నమ్మకం. చేతిలోకి తీసుకున్న పదార్థం రేకైనా, సిరా అయినా, రాయైనా, దాని గుణం పూర్తిగా తెలుసుకున్నాకే ఆయన దానితో బొమ్మ చేశారు. పొద్దున లేచింది మొదలు పదార్థంతోనే గడిపే ఊరు బేతంచెర్ల. ఆయన దగ్గర ఉన్న చదువూ ఈ ఊరి దగ్గర ఉన్న రాయీ ఇంతవరకూ ఒకచోట కలవలేదు. కలిస్తే ఎలా ఉంటుందో చెప్పడానికే వచ్చాను.

నన్ను మాట్లాడమన్న విషయం పేరు కాస్త బరువైనదే: సమకాలీన కళలో ఇంటర్‌డిసిప్లినరీ పీజీ. ముందు ఇక్కడున్న తల్లిదండ్రులకు అదేమిటో చెప్పాలి.

బొమ్మల చదువు మన దగ్గర చాలాకాలంగా ఒక పద్ధతిలో నడుస్తోంది. ఇంటర్ అయ్యాక నాలుగేళ్లు బీఎఫ్ఏ, ఆపైన రెండేళ్లు ఎంఎఫ్ఏ. పెయింటింగ్ వాళ్లు ఒక హాల్లో, శిల్పం వాళ్లు ఒక షెడ్డులో, ప్రింట్‌మేకింగ్ వాళ్లు ప్రెస్సు దగ్గర. ఎవరి గురువులు వాళ్లకి, ఎవరి జ్యూరీ వాళ్లకి. ఈ పద్ధతిని నేను తక్కువ చేయను. చేయి కుదరాలంటే ఒకేచోట చాలాకాలం కూర్చోవాలి. కానీ ఈ గోడలు దాటినవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి హైదరాబాదుకు, అక్కణ్ణుంచి బరోడాకు వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్, అంటే గోడచిత్రం, చదివిన లక్ష్మాగౌడ్ గారి పేరు దేశమంతా తెలిసింది ఎచింగులనే ప్రింట్ల వల్ల. సూర్యాపేటలో పుట్టిన రవీందర్ రెడ్డి బరోడాలోనూ లండన్‌లోనూ చదివి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఫైబర్‌గ్లాసుతో, బంగారు పూతతో పెద్ద పెద్ద స్త్రీల తలలు చేశారు. గుడి విగ్రహాన్నీ బజారులో కనిపించే మనిషి ముఖాన్నీ ఒక్క తలలో చూసిన పని అది.

కొత్త రకం పీజీ ఈ గోడ దాటడాన్ని చదువులో భాగం చేస్తుంది. విద్యార్థి ఒక ప్రశ్నతో వస్తాడు. ఆ ప్రశ్న భూగర్భశాస్త్రం వైపు లాగితే ఆ విభాగానికి వెళ్లి తరగతిలో కూర్చుంటాడు. కార్మికుల చరిత్ర వైపు లాగితే పాత రికార్డులు తిరగేస్తాడు. వీడియో కావాలంటే కెమెరా పట్టుకుంటాడు, శబ్దం కావాలంటే రికార్డర్ పట్టుకుంటాడు. చివర డిస్‌ప్లే పెడతాడు, డిసర్టేషన్ రాస్తాడు, వైవాలో జవాబు చెబుతాడు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ కింద చిత్రకళ, నాటకం, నృత్యం, కమ్యూనికేషన్ ఒకే కప్పు కింద ఉన్నాయి. అక్కడ ఫైన్ ఆర్ట్స్ విభాగాన్ని నిలబెట్టినవాళ్లలో లక్ష్మాగౌడ్ గారు ఒకరు. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో దృశ్యకళ, సినిమా, సాహిత్యం, ప్రదర్శన కళలు నాలుగింటికీ ఒకే స్కూల్ కింద ఎంఏలు ఉన్నాయి. పూనుకుంటే మనకూ అసాధ్యం కాదు.

ఈ చదువు మీద నాకు గౌరవం ఉంది, దానితోపాటు భయమూ ఉంది. రెండు శాస్త్రాలను సగం సగం నేర్చుకుని రెంటినీ కలిపానని చెప్పుకోవడం చాలా సులువు. రెండు పుస్తకాలు తిరగేసి, నాలుగు రాళ్లు తెచ్చి నేలమీద పేర్చి, గోడ మీద పెద్ద మాటలతో ఒక కాగితం అంటిస్తే పని అయిపోయినట్టు కనిపిస్తుంది. చూడటానికి వచ్చినవాడికి రాయి గురించీ తెలియదు, బొమ్మ గురించీ తెలియదు. అలా చదివిన పిల్లవాడి రెండేళ్లు, ఇంటి డబ్బు, వయసు మూడూ వృథా. ఒకే విద్యను పూర్తిగా నేర్చుకున్న శిల్పి వీడికంటే ఎంతో మేలు. అందుకే నా కొలత ఇది: నీ పనిని ఆ రెండో శాస్త్రం తెలిసినవాడి ముందు పెడితే అతను ఆగి చూడాలి. అతనికి అందులో కొత్త సంగతి ఒకటి కనబడాలి. కనబడకపోతే నువ్వు ఆ శాస్త్రం జోలికి పోనట్టే లెక్క.

ఈ కొలతకు నిలబడ్డ మనిషి కృష్ణారెడ్డి. ఆయన చదివిన రోజుల్లో ఇంటర్‌డిసిప్లినరీ పీజీ అనే డిగ్రీ లేదు. ఆయనే ఊళ్లు తిరిగి దాన్ని కూర్చుకున్నారు. 1940లలో శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ దగ్గర చేరారు. ఆ ఆవరణలోనే రామ్‌కింకర్ బైజ్ 1938లో సంతాల్ కుటుంబం శిల్పాన్ని సిమెంటుతో, అక్కడి ఎర్ర కంకరతో నిలబెట్టారు. ఊరి నేల నుంచి తీసిన కంకర ఆధునిక శిల్పం కాగలదని కృష్ణారెడ్డి రోజూ కళ్లారా చూశారన్నమాట. తర్వాత మద్రాసులో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, లండన్‌లో స్లేడ్ స్కూల్‌లో చేరి శిల్పి హెన్రీ మూర్ దగ్గర నేర్చుకున్నారు. పారిస్‌లో జాడ్కిన్ దగ్గర, మిలాన్‌లో మారినో మారిని దగ్గర శిల్పం చేశారు. ఇంత చేశాక ఆయన పేరు నిలబెట్టింది మాత్రం శిల్పం కాదు, ప్రింటు.

పారిస్‌లో అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియో ఉండేది. దాన్ని నడిపిన ఇంగ్లీషువాడు స్టాన్లీ విలియం హేటర్. ఆయన లండన్ కింగ్స్ కాలేజీలో రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివాడు. ఇరాన్‌లో చమురు కంపెనీలో ఉద్యోగం చేశాడు. అవన్నీ వదిలి పారిస్ వచ్చి 1927లో స్టూడియో పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దపు ప్రింట్‌మేకింగ్‌ను మలుపు తిప్పిన స్టూడియో పెట్టినవాడు ఆయిల్ కంపెనీ నుంచి వచ్చినవాడని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పాలి. బీఎస్సీ జియాలజీ చదివే పిల్ల, బొమ్మలేసే పిల్ల వేరే వేరే జాతులని మనం అనుకుంటున్నాం.

ఇప్పుడు ఆ స్టూడియోలో జరిగిన పని చెబుతాను. మెషీన్ పని చేసే అన్నలకు ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. ఎచింగ్ అంటే లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు, గుంటలు తవ్వి, వాటిలో సిరా నింపి, తడి కాగితం పెట్టి, ప్రెస్సులో గట్టిగా నొక్కడం. రంగుల ఎచింగ్ కావాలంటే మామూలుగా రంగుకొక రేకు కావాలి. మూడు రంగులకు మూడు రేకులు, మూడుసార్లు నొక్కాలి. కాగితం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడుతుంది. 1950లలో కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ, హేటర్ కలిసి ఒక్క రేకుతో, ఒక్కసారి నొక్కితే అన్ని రంగులూ వచ్చే మార్గం పట్టుకున్నారు.

ఆ కిటుకు నూనెలో ఉంది. అవిసె నూనె ఎక్కువ కలిపితే సిరా పలచబడుతుంది, తక్కువ కలిపితే చిక్కబడుతుంది. ముందు పలచటి సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తే అది రేకు పైభాగాన్ని మాత్రమే తాకుతుంది. తర్వాత చిక్కటి సిరాను మెత్తటి రోలరుతో దొర్లిస్తే ఆ రోలరు అణిగి లోతుల్లోకి దిగుతుంది. పైన ముందే ఉన్న నూనె సిరా ఈ చిక్కటి సిరాను అంటనివ్వదు. ఒకటి ఇంకోదాన్ని తోసేస్తుంది. అలా ఒకే రేకు మీద ఏ మట్టానికి ఆ రంగు నిలుస్తుంది. దీనికి విస్కాసిటీ ప్రింటింగ్ అని పేరు.

ఇది పని చేయాలంటే రేకు మీద కచ్చితమైన లోతులు ఉండాలి. ఇక్కడే కృష్ణారెడ్డి శిల్పి కావడం పనికొచ్చింది. ఆయన రేకును చదునైన కాగితంలా చూడలేదు. దాన్ని చెక్కారు, మెషీన్ పనిముట్లతో తొలిచారు, ఆమ్లంలో వేసి తినిపించారు. రేకు తనంతట తానే ఒక శిల్పం. 1963 నాటి వర్ల్‌పూల్ ప్రింటు చూడండి. సుడి తిరిగే నీళ్లలో రంగు ఒక పొర కింద ఇంకో పొరగా ఊరుతుంది. 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన కాలపు ప్రింటు డెమాన్‌స్ట్రేటర్స్. అందులో జనం గుంపు అదే పద్ధతిలో పుట్టింది. శిల్పం నుంచి లోతు, రసాయనశాస్త్రం నుంచి నూనె గుణం, చిత్రకళ నుంచి రంగు. మూడింట్లో ఏ ఒక్కటి సగం తెలిసినా ఈ పద్ధతి పుట్టేది కాదు. తాను తెలుసుకున్నదంతా ఆయన 1988లో పుస్తకంగా అచ్చువేశారు. నూనె, రోలరు, లోతు, ఏదీ దాచుకోలేదు. దశాబ్దాలు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నేర్పారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. రాయలసీమ మనిషి పాలుపంచుకుని కనిపెట్టిన పద్ధతి ప్రపంచమంతా ప్రింట్ స్టూడియోల్లో వాడుకలో ఉంది. రాయలసీమ స్కూలు పుస్తకాల్లో ఆయన పేరు వెతుక్కోవాలి. ఈ బాధ నాకు చిన్నది కాదు.

ఇక ఈ ఊరి దగ్గరికి వద్దాం.

మన కాళ్ల కింద ఉన్న సున్నపురాయికి భూగర్భశాస్త్రంలో నార్జి సున్నపురాయి అని పేరు. కర్నూలు గ్రూపు అనే రాతి పొరల వరుసలో ఇది ఒకటి. ఆ వరుస చదివితే బస్సు బోర్డు చదివినట్టుంటుంది: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. అడుగున వజ్రాలు దొరికే బనగానపల్లె పొర, దానిమీద మన సున్నపురాయి, ఆపైన మిగతావి. ఈ ఊళ్ల పేర్లు మన దేశంలో జియాలజీ చదివేవాడికి పాఠంలో తగులుతాయి. కోట్ల ఏళ్ల కింద ఇక్కడున్న లోతులేని సముద్రం అడుగున పొరమీద పొర పేరుకుంది కాబట్టే నాపరాయి అని మనం పిలిచే ఈ రాయి గునపం పెడితే పలకలుగా లేస్తుంది. ఆ పలకలతోనే మద్రాసు వంటిళ్ల అరలున్నాయి, హైదరాబాదు వసారాలున్నాయి. సమ్మెట దెబ్బ ఎక్కడ వేయాలో, పొర ఎటు పగులుతుందో చేతికి తెలిసిన మనుషులు ఈ సభలో ఉన్నారు. ఆ తెలివి ఏ యూనివర్సిటీ సిలబస్‌లోనూ లేదు.

ఊరికి దగ్గరలో బిల్లసర్గం గుహలున్నాయి. 1884లో జియలాజికల్ సర్వే అధికారి రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటిని వెతుక్కుంటూ వచ్చారు. అంతకు నలభై ఏళ్ల ముందు కెప్టెన్ న్యూబోల్డ్ రాసిన వ్యాసం ఆయనకు దారి చూపింది. ఫూట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వి కుప్పలుగా ఎముకలు తీశారు. వాటిలో కొన్ని మనుషులు చెక్కి వాడుకున్న పనిముట్లని ఫూట్ చెప్పారు. లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు 1886లో ఆ ఎముకలు చూసి, అందులో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు పెట్టాడు: రైనోసెరాస్ కర్నూలియెన్సిస్. 1970లలో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎం.ఎల్.కె. మూర్తి గారు ఇక్కడికి దగ్గరలోని ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వి రాతి పలుకులు, ఎముక పనిముట్లు బయటపెట్టారు. బనగానపల్లె వైపు జ్వాలాపురంలో 74,000 ఏళ్ల కింద సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. దాన్ని జనం తవ్వి అమ్ముకున్నారు. పురావస్తు శాస్త్రజ్ఞులు పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్‌ల బృందం ఆ బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు చూసి 2007లో సైన్స్ పత్రికలో రాసింది. ఓర్వకల్లు మండలం కేతవరంలో రాతి మీద ఎర్రమట్టితో వేసిన బొమ్మలున్నాయి.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఎముకను చెక్కినవాడు, ఎర్రమట్టిని నూరినవాడు, బండను పలకలుగా చీల్చినవాడు, ముగ్గురూ ఈ చుట్టుపక్కలవాళ్లే. పురావస్తుశాస్త్రం, భూగర్భశాస్త్రం, కూలి బతుకు, చిత్రకళ, నాలుగూ ఒకే నేలలో కలిసి ఉన్నాయి. విడదీసింది మన డిపార్టుమెంట్లే.

అయితే ఇక్కడి పిల్ల ఎంఎఫ్ఏకి పోయి ఏం చేయాలి? పొరుగువాళ్లు చేసినవి రెండు చెబుతాను.

ప్రభాకర్ పాచ్‌పుతే అనే కళాకారుడు మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా సాస్తిలో పుట్టాడు. మన తెలంగాణ సరిహద్దుకు దగ్గర. తరతరాలుగా బొగ్గు గనుల్లో పనిచేసిన కుటుంబం. ఖైరాగఢ్‌లో శిల్పం చదివి, 2011లో బరోడాలో ఎంఎఫ్ఏ పూర్తి చేశాడు. బొగ్గు ముక్కతోనే గోడల నిండా గని మనుషుల్ని గీశాడు. గని పనిముట్టే తలగా మారిన మనుషులు అందులో కనిపిస్తారు. ఆ బొమ్మలు దేశాలు దాటాయి. 2021లో బ్రిటన్‌లోని ఆర్టెస్ ముండి కళా బహుమతిని పంచుకున్న ఆరుగురిలో ఆయన ఒకరు. ఇంటి పని ఏ పదార్థంతో నడిచిందో ఆ పదార్థంతోనే ఆయన కళ నడిచింది.

రెండోవాడు కర్ణాటక కోటేశ్వరకు చెందిన ఎల్.ఎన్. తల్లూర్. మైసూరులో పెయింటింగ్ చదివాడు. బరోడాకు వెళ్లినప్పుడు పెయింటింగ్‌లో కాదు, మ్యూజియాలజీలో పీజీ చేశాడు. పాత విగ్రహాన్ని మ్యూజియంలో ఎలా నిలబెడతారు, ఎలా లేబుల్ రాస్తారు, విరిగిందాన్ని ఎలా కాపాడతారు, ఇవి నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో లీడ్స్‌కు వెళ్లి 2002లో సమకాలీన కళలో ఎంఏ చేశాడు. సంప్రదాయ విగ్రహ రూపాలను యంత్రాలతో, సిమెంటుతో, తుప్పుతో ఢీకొట్టించే ఆయన శిల్పాలు ఆ మ్యూజియాలజీ లేకపోతే పుట్టవని నా అభిప్రాయం. కేవలం పెయింటింగ్ చదివిన మనిషికి విగ్రహం కనబడుతుంది; విగ్రహం చుట్టూ ఉన్న అద్దాల పెట్టె కనబడదు.

గని ఒడ్డునే కళాశాల అయిన ఉదాహరణ కూడా ఉంది. ఆస్ట్రియాలో సెయింట్ మార్గరెథెన్ అనే ఊళ్లో పాత రాతి క్వారీ ఉంది. 1959లో కార్ల్ ప్రాంట్ల్ అనే శిల్పి నానా దేశాల శిల్పుల్ని అక్కడికి పిలిచాడు. ఎండలో, గని అంచున, పక్కపక్కనే నిలబడి అందరూ రాయి చెక్కారు. అక్కణ్ణుంచి శిల్పుల శిబిరాలు ప్రపంచమంతా పాకాయి. 1964లో కెనడాలో మాంట్రియల్ కొండమీద పెట్టిన శిబిరంలో చెక్కినవాళ్లలో మన కృష్ణారెడ్డి కూడా ఒకరు. బేతంచెర్లలో ఎన్ని క్వారీలు లేవు!

నాకు ఒక డిసర్టేషన్ కళ్లముందు కనబడుతోంది. ఈ ఊరి అమ్మాయి చేయవలసినది. పాలిష్ మిషను కింద నీళ్లతో కలిసి పారే తెల్లటి బురద ఎండి ఊరి అంచున దిబ్బలు కట్టింది. ఆ బురద ఏమిటో ముందు ల్యాబులో తెలుసుకోవాలి. ఏది కలిపితే గట్టిపడుతుంది, ఎంత బరువు మోస్తుంది, ఏ అచ్చులో నిలుస్తుంది, ఎప్పుడు పగులుతుంది, పట్టిక వేసి రాయాలి. కృష్ణారెడ్డి నూనె పాళ్లు రాసుకున్నట్టు రాయాలి. రెండో సెమిస్టరులో ఫ్యాక్టరీ దగ్గర కూర్చోవాలి. ఆ దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది, తడి కటింగ్‌కీ పొడి కటింగ్‌కీ తేడా ఎంత, ఆడవాళ్లకు ఏ పని ఇస్తారు, కూలి ఎలా లెక్కిస్తారు, ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి. డాక్టరుతోనూ మాట్లాడాలి. ఆ తర్వాతే అచ్చు పోయాలి. అప్పుడు ఆ బురదలోంచి వచ్చే ఆకారం ఏదైనా, దానికి ఒక బరువు ఉంటుంది. ఇంజనీరు దాన్ని చూసి ఆ పాళ్లు అడుగుతాడు. కూలి చేసే అక్క దాన్ని చూసి తన దిబ్బను గుర్తుపడుతుంది. విమర్శకుడు చూసి శిల్పం గురించి మాట్లాడతాడు. ముగ్గురికీ పని ఉన్న డిస్‌ప్లే అది.

దీంట్లో ఒక జాగ్రత్త ఉంది. దాన్ని మాత్రం పట్టుపట్టి చెబుతాను. కూలి చేసేవాళ్ల ముఖాలు, గాయాలు కెమెరాలో పట్టుకుని, ఊరు వదిలి, గ్యాలరీలో పెద్ద సైజులో ప్రింటు వేసి అమ్ముకోవడం కళ కాదు. ఎవరి బతుకు తీసుకున్నామో వాళ్లను ముందు అడగాలి, వాళ్ల ఊళ్లోనే మొదటి డిస్‌ప్లే పెట్టాలి, డబ్బు వస్తే వాళ్లకూ వాటా ఉండాలి. మానవశాస్త్రంలో ఈ విషయం మీద దశాబ్దాలుగా వాదించి నియమాలు రాసుకున్నారు. ఇంటర్‌డిసిప్లినరీ అన్నప్పుడు పక్క శాస్త్రం పద్ధతులతో పాటు దాని బాధ్యతలూ మనమీదికి వస్తాయి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న నాకు తెలుసు: బొమ్మలేస్తే కూడొస్తాదా? న్యాయమైన ప్రశ్న. కూలి డబ్బుతో చదివించే ఇంట్లో అది అడక్క తప్పదు. తెలిసినంతవరకు చెబుతాను. ఎంఎఫ్ఏ చేసినవాళ్లు దృశ్యకళల సబ్జెక్టులో యూజీసీ నెట్ రాసి కాలేజీల్లో పాఠాలు చెప్పవచ్చు. మ్యూజియాలు, పురాతన కట్టడాల సంరక్షణ, సినిమా కళాదర్శకత్వం, యానిమేషన్, స్కూళ్లలో ఆర్ట్ టీచర్ ఉద్యోగాలు ఉన్నాయి. అందరికీ దొరుకుతాయని చెప్పను. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ 18 నుంచి 25 ఏళ్ల వయసు కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చే పథకం నడుపుతోంది. 25 దాటినవాళ్లకు జూనియర్ ఫెలోషిప్ నెలకు 10,000. ఇవి ఉన్నాయని తెలియక మన జిల్లాల నుంచి దరఖాస్తు చేయని పిల్లలు ఎక్కువ. సమకాలీన కళా ప్రదర్శన అయిన కొచ్చి బియనాలే 2014 నుంచి స్టూడెంట్స్ బియనాలే కూడా నడుపుతోంది. ప్రభుత్వ కాలేజీల పిల్లల పనికి అక్కడ చోటుంది.

ఎక్కడ చేరాలి అని అడిగే విద్యార్థులకు ఒక్కటే చెబుతాను. బ్రోషర్‌లో రాసింది నమ్మవద్దు. ఆ విభాగంలో కిందటేడు డిస్‌ప్లేలు ఏమిటో చూడండి, డిసర్టేషన్లు అడిగి చదవండి, వేరే విభాగం గురువు సహ గైడుగా సంతకం పెడతారా లేదా కనుక్కోండి. పెట్టకపోతే ఇంటర్‌డిసిప్లినరీ అనే పేరు బోర్డు మీద మాత్రమే ఉన్నట్టు. కొన్నిచోట్ల బీఎఫ్ఏ తప్పనిసరి, కొన్నిచోట్ల ఏ డిగ్రీ అయినా తీసుకుంటారు. జియాలజీ, చరిత్ర, సోషల్ వర్క్ చదివినవాళ్లకు కూడా తలుపు ఉందని గుర్తుపెట్టుకోండి. పోర్ట్‌ఫోలియోలో అందమైన ల్యాండ్‌స్కేపులకంటే మీ క్వారీ నోటుబుక్కు ఎక్కువ మాట్లాడుతుంది. విదేశాలకు వెళ్లాలనుకుంటే ఫీజు మాఫీ, అసిస్టెంట్‌షిప్ రాకుండా అప్పు చేసి వెళ్లవద్దు. ఈ డిగ్రీ తర్వాత జీతం అప్పు తీర్చేంత వేగంగా పెరగదు.

చివరగా, మన రాయలసీమలో ఈ చదువు పెట్టడం గురించి. కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చింది. 2020లో అదే ఊళ్లో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చింది. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది. కళ చెప్పేవాళ్లు, రాయి గురించి చెప్పేవాళ్లు, సమాజం గురించి చెప్పేవాళ్లు కొన్ని గంటల ప్రయాణంలోనే ఉన్నారు. కొత్త భవనం అక్కర్లేదు. రెండు విశ్వవిద్యాలయాలు కలిసి ఒక ఒప్పందం రాసుకుని, ఏడాదికి కొద్దిమంది విద్యార్థుల్ని తీసుకుని, కనీసం ఒక సెమిస్టరు బేతంచెర్లలో ఉంచితే చాలు. సమ్మెట పట్టే అన్నకు గెస్ట్ ఫ్యాకల్టీ గౌరవవేతనం ఇవ్వాలి. ఆయన చెప్పే పాఠం చెప్పగలిగేవాళ్లు క్యాంపస్‌లో లేరు.

ఈ సభకు వచ్చిన పాలిష్ ఫ్యాక్టరీల యజమానులను ఒకటే అడుగుతున్నాను. ఒక ఖాళీ షెడ్డు, ఒక కరెంటు కనెక్షన్, అమ్ముడుపోని విరిగిన బండలు ఇస్తామని మాట ఇవ్వండి. ఆ మాట పట్టుకుని కడపకు, కర్నూలుకు వెళ్లి వైస్ చాన్సలర్ల ముందు కూర్చునేవాళ్లలో నేనూ ఉంటాను. తల్లిదండ్రులారా, మీ పిల్ల ఇలాంటి పీజీ ప్రవేశ పరీక్ష రాస్తానంటే ఈ ఏడాది దరఖాస్తు పెట్టనివ్వండి.